పేలని మందు

2025 ఏప్రిల్ 14, సోమవారం. ఎర్రగుంట్ల

పేపర్లో కర్నూలు పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఓర్వకల్లు అవతల రక్షణ పరిశోధన వాళ్ల రేంజిలో నిన్న లేజరుతో డ్రోన్లను కాల్చి పడేసినారంట. గుండు లేదు, మందు లేదు. వెలుగుతోనే కాల్చినారు. చప్పుడు రాదంట.

చప్పుడు రాదు అన్న మాట దగ్గర ఆగిపోయినాను. చానా సేపు.

ఎడమ చెవిలో ఈ రోజు కూడా అదే కూత. దూరంగా ఎక్కడో కంప్రెషరు ఆడుతున్నట్టు.


ఏప్రిల్ 17

పాప ఫోన్ చేసింది. వాళ్లకు ఈస్టరు సెలవులంట. ట్రోన్‌హైమ్ నుంచి కారులో సముద్రం ఒడ్డుకు, ఓర్లాండ్ అనే చోటికి పోయినారు. మనవడు ఫొటోలు పంపినాడు. ఇంకా పచ్చబడని గుట్ట. గుట్ట మీద బూడిదరంగు ఉక్కు గది. దాంట్లోంచి బయటికి మూడు ఫిరంగి గొట్టాలు.

"తాతా, ఇది షిప్ మీది గన్. ఇప్పుడు షిప్ లేదు, గన్ ఉంది."

ఓడ మీదిది గుట్ట మీదికి ఎట్లొచ్చిందిరా అని అడిగినాను. వాడు చెప్తానే ఉన్నాడు. సగమే వినపడింది. ఊ కొట్టినాను. వినపడని చోట ఊ కొట్టడం... ముప్పై నాలుగేళ్లుగా అదే అలవాటు.

చెవి మిషను పెట్టుకోలేదా నాయనా, అనింది పాప. డబ్బాలోనే ఉంది. పోయిన సంక్రాంతికి అది కొనిచ్చినప్పటి నుంచీ డబ్బాలోనే ఉంది.


ఏప్రిల్ 19

సాయంత్రం సారింటికి పోయినాను. ఫొటో చూపిస్తే ఆయన కళ్లజోడు తుడుచుకొని, కంప్యూటరు తెరిచి, గంటసేపు చదివినారు. నాకు చెప్పేదంతా చీటీ మీద రాసిస్తారు. నా చెవి కోసం ఆయన పెట్టుకొన్న పద్ధతి అది. గొంతు పెంచి ఒక్కనాడూ అరవలేదు.

చీటీ ఇక్కడే అంటించినాను. ఓడ పేరు గ్నైజనావ్. జర్మనీది. ఒక్కో టరెట్టులో, అంటే ఆ ఉక్కు గదిలో, మూడు చొప్పున తొమ్మిది ఫిరంగులు, నోరు 28 సెంటీమీటర్లు. 1942 ఫిబ్రవరి 26 రాత్రి కీల్ రేవులో ఉండగా ఇంగ్లీషు విమానాలు బాంబు వేసినాయి. ముందుభాగం పోయింది. బాగుచేసి ఇంకా పెద్ద ఫిరంగులు పెట్టాలనుకొని, కడాకు మానుకొన్నారు. టరెట్లు విప్పినారు. వెనకది, సీజర్ అని పేరు, నార్వేలో ఔస్ట్రాట్ గుట్టకు. బ్రూనో అనే ఇంకోటి బెర్గెన్ దగ్గరికి. ముందుదాని గొట్టాలు హాలెండు తీరానికి.

మనవడి ఫొటోలోది సీజర్.

చచ్చిన ఎద్దు చర్మంతో కపిలబాన కుట్టించుకున్నట్టు. పోయిన ఓడను కూడా వదల్లేదు.


ఏప్రిల్ 21

నిద్ర రాలేదు. లెక్కలు వేస్తా కూర్చున్నాను.

గుండు ఒక్కటి 330 కిలోలు. ఆరు సిమెంటు బస్తాలు, పైన ఇంకో సగం బస్తా. టరెట్టు మొత్తం 800 టన్నులంటున్నారు. పది టన్నుల లారీలు ఎనభై. మన ఫ్యాక్టరీ గేటు కాడ ఎనభై లారీలు నిలబడితే స్టేషను రోడ్డు దాకా వరస.

38 కిలోమీటర్లు దాటి పోతుందంట గుండు. ఇక్కడ స్టేషను కాడ పేలిస్తే దేవుని కడప చెరువులో పడుతుంది. అంత దూరం పోయే వస్తువును గురిచూసి కొట్టే మనిషి, అది ఎవరి మీద పడిందో ఎప్పటికీ చూడడు.

పొద్దున సుద్దముక్కతో నట్టింట్లో 28 సెంటీమీటర్ల గుండ్రం గీసినాను. నాపరాయి మీద తెల్లగా. సంగటి చట్టి తెచ్చి పెట్టి చూసినాను. సరిగ్గా సరిపోయింది. లక్ష్మి ఉండుంటే తిట్టేది. ఆమె చట్టి అది.


ఏప్రిల్ 24

గుండ్రం తుడవలేదు.

ఫొటో మళ్లీ చూసినాను. ఫిరంగిని కాదు, కింద రాయిని. గట్టి రాయి. మన నాపరాయి లాగా పొరలు పొరలుగా లేచే రకం కాదు. అట్లాంటి దాంట్లో బెజ్జం వేయాలంటే ఉలి మొన అరిగిపోతుంది, గంటకు అడుగు దిగితే గొప్ప. 800 టన్నుల వస్తువును నిలబెట్టేంత బావి. చుట్టూ గదులు, మెట్లు. ఎన్ని వందల బెజ్జాలు వేసినారో. ఎంత మందు పట్టిందో.

ఎవరు తవ్వినారు?

మనవడికి వాయిస్ పెట్టినాను. "గన్ను ఎవరు చేసినారో వద్దు నాయనా. ఆ గుంత ఎవరు తీసినారో కనుక్కో."


ఏప్రిల్ 27

జవాబు వచ్చింది. యుద్ధంలో పట్టుకొచ్చిన ఖైదీలు.

సారు ఇంకో చీటీ ఇచ్చినారు. నార్వేలోనే ఉత్తరాన ట్రోన్‌దెనెస్ అనే చోట ఇంతకంటే పెద్దవి నాలుగున్నాయి. 40.6 సెంటీమీటర్లు. గుండు 1,030 కిలోలు, అంటే ఇరవై బస్తాలకు పైన. అవి ఏ ఓడవీ కాదు. కట్టాలనుకొన్న ఓడల కోసం పోతపోసినారు, ఓడలు మాత్రం కట్టనే లేదు. అందుకని తీరానికి తెచ్చినారు. అక్కడ పని చేసింది రష్యా ఖైదీలు. అదే రకం మూడు ఫ్రాన్సు ఒడ్డున సంగత్తె కాడ పెట్టి ఇంగ్లండు మీదికి కాల్చినారు. తర్వాత సముద్రం కింద సొరంగం తవ్వినప్పుడు వచ్చిన మట్టి పోసి ఆ చోటును పూడ్చేసినారు.

ఒక గుంత తవ్విన మట్టితో ఇంకో గుంత పూడ్చడం. అది మాకు రోజూ పనే.

చీటీలో ఓడ పేరుంది, ఓడ కెప్టెన్ పేరుంది, టరెట్టుకు కూడా పేరుంది. ఖైదీలు అని మాత్రం ఒక్క మాట. సారు తప్పు కాదు అది.


మే 2

ఎండ మాడ్చేస్తాంది. కరెంటు రెండుసార్లు పోయింది.

జర్మనీ అంటే మా అబ్బ గుర్తొచ్చినాడు. కరువు కాలంలో మద్రాసు హార్బరుకు రాళ్లు మోసే పనికి పోయినోడు. ఆయన కథ ఎప్పుడూ ఒకే మాటతో మొదలయ్యేది. "సముద్రం లోంచి వెలుగొచ్చెరా."

1914 సెప్టెంబరు 22. దసరా రోజులు, అమావాస్య దాటి మూడోనాడు. రాత్రి తొమ్మిది దాటింది. ఎమ్డెన్ ఓడ దీపాలార్పుకొని వచ్చి, సర్చిలైటు చమురు ట్యాంకుల మీద వేసి, పది పదిహేను నిమిషాల్లో నూరుకు పైగా గుండ్లు కొట్టిపోయింది. ట్యాంకులు తెల్లార్లూ కాలినాయి. ఒడ్డున మన ఫిరంగులు కూడా పేలినాయి. ఒక్కటీ తగల్లేదు.

తెల్లారేసరికి ఊరు ఊరంతా స్టేషను మీద పడింది. రైల్లో కాలు పెట్టను సందు లేదు. అబ్బ అరక్కోణం దాకా నడిచి, అక్కడ బొంబాయి రైలు దొరికించుకొని ఎర్రగుంట్లలో దిగినాడు. మళ్లీ మద్రాసు మొహం చూళ్లేదు. రాత్రిపూట చెరువు కట్ట మీద ఎవరన్నా టార్చి వేస్తే కూడా లేచి నిలబడేవాడు.

నేను చిన్నప్పుడు అదంతా చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు పెండ్లిలో టపాకాయ పేలితే నేనూ లేచి నిలబడతా.

సారు చీటీ: ఎమ్డెన్ ఫిరంగులు 10.5 సెంటీమీటర్లే. మన చెంబు నోరంత. రెండు నెలలు కాకముందే, నవంబరు 9న, కోకోస్ దీవుల కాడ ఆస్ట్రేలియా ఓడ దాన్ని కొట్టేసింది. దాని ఫిరంగి ఒకటి ఇప్పుడు సిడ్నీలో హైడ్ పార్కులో నిలబెట్టినారు. మద్రాసు హైకోర్టు గోడకు గుండు తగిలిన చోట పలక వేసినారు. తమిళంలో గట్టి మొనగాణ్ణి ఇప్పటికీ ఎమ్డన్ అంటారంట.

సిడ్నీలోని ఆ గొట్టం చూడాలనుంది. అబ్బను ఊరికి తరిమింది అదేనేమో.


మే 7

విశాఖలో ఈ రోజు సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేసినారు. హైదరాబాదులో కూడా. టీవీలో జనం తలలు పట్టుకొని కింద కూర్చున్నారు. పక్కింటి పిల్ల భయపడి నా దగ్గరికొచ్చింది. మనకు సముద్రం లేదులేమ్మా అని చెప్పినాను. ఏం మాట అది? ఇప్పుడు సముద్రంతో ఏం పని?

1942 ఏప్రిల్ 6న జపాను వాళ్లు విశాఖ మీదా కాకినాడ మీదా ఒకే రోజు బాంబులేసినారు. చెల్లెలి ఇంటికి విశాఖ పోయినప్పుడు సిటీబస్సు కండక్టరు "కోస్టల్ బ్యాటరీ" అని అరవడం గుర్తు. ఫిరంగులుండే చోటని అప్పుడు తెలీదు. అదొక స్టాపు, అంతే. దిగేవాళ్లు దిగినారు.


మే 11

కల. పద్నాలుగు బెజ్జాలు. నేను లెక్కపెడతా ఉన్నాను. పదమూడు.

ఇంక రాయను.


మే 15. కర్నూలు

చెవి పరీక్షకు వచ్చినాను. రాత్రి ఇక్కడే లాడ్జిలో. పొద్దున్నించి నాలుగు కిటికీల కాడ నిలబెట్టినారు. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే బటను నొక్కమన్నారు. వినపడిందా, వినపడినట్టు అనిపించిందా, తేల్చుకోలేక ఊరికే నొక్కినాను. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది కూడా తగ్గుతాందంట. కాగితం ఇచ్చినామె వయసెంత, ఏం పని చేసేవాడివి అనడిగింది. రాయి పేల్చేవాణ్ణి అన్నాను. తలెత్తి చూసింది. ఏమీ అనలేదు.

సాయంత్రం కొండారెడ్డి బురుజు కాడ కూర్చున్నాను. దీపాలేసినారు. కుర్రోళ్లు సెల్ఫీలు తీసుకుంటున్నారు. సారు మొన్న చెప్పింది గుర్తొచ్చింది. ఈ ఊరి ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ జనానా వెనక తోటల్లో ఎవరికీ తెలీకుండా ఫిరంగులు పోతపోయించినాడు. 1839లో కుంఫిణీవాళ్లు వచ్చి తవ్వేకొద్దీ బయటపడినాయి. జొహరాపురం కాడ అక్టోబరులో పోరు. అంత మందు, అంత ఇనుము పోగేసి, ఆ ఫిరంగులతో ఒక్క యుద్ధం కూడా చేయలేదు. నవాబును తిరుచునాపల్లికి పంపినారు, మరుసటేడు అక్కడే ఎవడో పొడిచి చంపినాడు.

పోతపోసినవాళ్లు? కొలిమి కాడ రాత్రులు తిత్తులు ఊదినవాళ్లు? వాళ్లను ఎవరు పట్టుకొన్నారు, ఎవరు వదిలేసినారు?

తుంగభద్రలో నీళ్లు లేవు. రాళ్లే.


మే 24

సారు ఈసారి పుస్తకమే తెచ్చినారు. తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 1652లో మన గండికోటకు వచ్చినాడు. మీర్ జుమ్లా అప్పుడే కోట పట్టుకొని ఉన్నాడు. సారు చదువుతా చదువుతా, ఆగి, రాసిచ్చినారు.

మీర్ జుమ్లాకు ఇరవై ఫిరంగులు కావాల. పది పెద్దవి, పది చిన్నవి. క్లోద్ మయే అని ఒక ఫ్రెంచివాడికి పని అప్పజెప్పినాడు. రాగి ఏది? చుట్టుపక్కల గుళ్లలో విగ్రహాలు తెప్పించినాడు. కరిగించమన్నాడు. అన్నీ కరిగినాయి, పెద్దగుడి విగ్రహాలు ఆరు మాత్రం కరగలేదు. ఎంత నిప్పు పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేసినారని మీర్ జుమ్లా మండిపడినాడు.

కడాకు ఏమైంది అని అడిగినాను. సారు నవ్వలేదు. రాసిచ్చినారు: "ఒక్క ఫిరంగీ పూర్తి కాలేదు. ఒకటి పగిలింది. ఒకటి సగంలో ఆగింది. మయే పని వదిలి పోయినాడు."

ఆరు విగ్రహాలు. వాటిని తర్వాత ఎక్కడ పెట్టినారో? తిరిగి గుళ్లోనా? కాలిన మొహాలతో?

లక్ష్మి వింటే చేతులెత్తి మొక్కేది. నాకు కొలిమి కాడ నిలబడిన కూలోళ్లే కనపడతా ఉన్నారు. దేవుణ్ణి కరిగించే పనికి పొద్దున లేచి పోయినోళ్లు. పోకపోతే కూలి లేదు. నేనైతే పోయేవాణ్ణా? పోయేవాణ్ణే.


జూన్ 1, ఆదివారం

గండికోటకు పోయినాను. జమ్మలమడుగులో బస్సు మారి. ఈసారి వానలు మే నెలలోనే వచ్చినాయన్నారు. వచ్చినాయి, పోయినాయి. ఎండ ఎండే.

మసీదు, ధాన్యపు కొట్టు, మాధవరాయస్వామి గుడి. గుళ్లో స్వామి లేడు, గబ్బిలాలున్నాయి. పెన్న అంచు కాడ హైదరాబాదు కుర్రోళ్లు చానా మంది. లోయ గోడలు చూస్తే ఎవరో కొలత పెట్టి పొరలు పేర్చినట్టే ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఏ పొర ఎక్కడ లేస్తుందో కంటితో చెప్పగలను. అది నా చదువు.

పాత ఇనప ఫిరంగి కాడికి పోయినాను. చెయ్యి పెట్టినాను. పెట్టి తీసేసినాను. కాలింది.

మధ్యాహ్నం కదా. ఇనుము ఎండను దాచుకుంటుంది.

తుండుగుడ్డ తడిపి దాని మీద వేసినాను. నిమిషంలో ఆరిపోయింది. పక్కన నిలబడిన పిల్లోడు "ఏం చేస్తాండావ్ అబ్బా?" అనడిగినాడు. ఏం చెప్పాల?


జూన్ 8. మృగశిర

ప్రొద్దుటూరు నుంచి చేపలు తెచ్చినాను. ఒక్కణ్ణే వండుకొని తిన్నాను. సాయంత్రం నాలుగు చినుకులు. మట్టి వాసన మాత్రం వచ్చింది.

పాప మళ్లీ రమ్మంటాంది. సెప్టెంబరులో టికెట్టు తీస్తానంటాంది. చూద్దాంలే అన్నాను. పోవాలని ఉందా? ఉంది. గుంతలోకి దిగి చూడాలని ఉంది.


జూన్ 22, ఆదివారం

ఈ రోజు మనవడు నన్ను లోపలికి తీసుకపోయినాడు. వీడియోలోనే. వేసవిలో లోపలికి పంపుతారంట.

ఇనప తలుపు. మెట్లు. కిందికి అయిదంతస్తులు. మొదట గొట్టాల వెనక భాగం. కింద గుండ్ల గది, ఒక్కో గుండును గొలుసుతో లేపి లిఫ్టులో పైకి పంపే ఏర్పాటు. ఇంకా కింద ఇంజన్లు. పడుకొనే మంచాలు ఒకదాని మీద ఒకటి. వంటిల్లు. అద్దం, చేతులు కడుక్కొనే తొట్టి. ఓడలో ఉన్నట్టే గుట్టలో బతికినారు వాళ్లు.

"తాతా, ఇది ఒక్కసారి కూడా ఎనిమీ మీద కాల్చలేదంట!" వాడికి నిరాశ. అంత పెద్దది, అంత దూరం తెచ్చి.

"మంచిదే కదరా," అన్నాను.

గోడ చూపించు అన్నాను. వాడు ఫోను గోడకు దగ్గరగా పెట్టినాడు. సిమెంటు. దాంట్లో చెక్కల గుర్తులు పడినాయి. సెంట్రింగు పలకల గుర్తులు, నరాలతో సహా. ఒక చోట పలకలు సరిగ్గా కలవక సిమెంటు పొంగి గీత కట్టింది. ఆ గీత మీద వేలు పెట్టరా అన్నాను. పెట్టినాడు. చిన్న వేలు. ఆ పలక బిగించినవాడి చెయ్యి అక్కడే ఆగింటుంది.

వాడు టరెట్టు ఉక్కును వేళ్లతో తట్టినాడు. "వినపడిందా తాతా?" ఫోను కుడి చెవికి మార్చినాను. పాప ఏడుస్తున్నట్టు అనిపించింది. ఎందుకో అడగలేదు.

వినపడిందన్నాను. వినపడలేదు.


జూన్ 25

రాసేస్తాను. ఎవరు చదువుతారు?

1991. క్వారీ పేరు వద్దు. మార్చి నెల. పద్నాలుగు బెజ్జాలు నేనే దట్టించినాను. వత్తులు ముట్టించి, విజిలు ఊది, ఎర్రజెండా ఊపి, బండ చాటుకు పోయినాము. లెక్కపెట్టినాను. చప్పుళ్లు లెక్కపెట్టడమే మా పని. పదమూడు. పద్నాలుగోది రాలేదు.

రూలు ప్రకారం అరగంట ఆగాల. లారీలు నిలబడినాయి. పైనుంచి కేకలు. ఎన్ని నిమిషాలు ఆగినాను? పది. పన్నెండు కూడా కాదు.

కంప్రెషరు ఆడించే పిల్లోడు "నేను చూసొస్తా మేస్త్రీ" అన్నాడు. పంతొమ్మిదేళ్లు ఉంటాయి. తేలిగ్గా నడిచేవాడు, రాళ్ల మీద మేకపిల్ల లాగా. వద్దు అనాల. నోట్లో మాట ఉంది. అనలేదు. వాని వెనక పదడుగులు నేనూ పోయినాను. అదొక్కటే నాకు మిగిలిన మాట. నేనూ పోయినాను.

పద్నాలుగోది అప్పుడు పేలింది.

ఎడమ చెవి అక్కడ పోయింది. వాడు...

ఆసుపత్రి మంచం కాడికి కాగితం తెచ్చినారు. చెప్పకుండా తనంతట తానే పోయినాడని రాసుకొచ్చినారు. సంతకం పెట్టినాను. ఏం రాసినారో చెప్పింది సగం వినపడింది. ఊ కొట్టినాను.


జూన్ 29

మనవడి దగ్గర నుంచి మెసేజి. బడి తెరిచినాక క్లాసులో ఈ ఫిరంగి గురించి చెప్పాలంట. "తాతా, నువ్వు అడిగావు కదా ఎవరు తవ్వారని. వాళ్ల నేమ్స్ నేను వెతుకుతాను. నీతో పనిచేసినవాళ్ల నేమ్స్ కూడా ఇవ్వు. పోస్టర్లో పెడతా. రాళ్లు తవ్వేవాళ్లు అని."

పదేళ్ల పిల్లోడు. ఎట్లా తట్టింది వానికి?


జూలై 2

పేర్లు రాయడం మొదలుపెట్టినాను. వేరే కాగితం మీద. ఇక్కడ రాయను. డ్రిల్లు పట్టినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయినారు. మందు మోసినవాడు. నీళ్లబండి ముసలాయన. ఉలికి సాన పట్టే కమ్మరి, ఎంత ఎండలోనైనా తలకు గుడ్డ చుట్టనివాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ, కుడిచేతికి మూడే వేళ్లు, ఆ మూడింటితోనే వత్తి కత్తిరించేవాడు, ఒక్క పీచు లేయకుండా.

ఆరు పేర్లు.

ఏడోది రావడం లేదు.

చిన్నోడా అని పిలిచేవాళ్లం. అందరం. చిన్నోడా నూనె పోయ్. చిన్నోడా గాలి ఆపు. అసలు పేరు ఆ కాగితంలో ఉండింది. పైన ఎక్కడో రాసే ఉంటారు. చదవకుండానే కింద సంతకం పెట్టినాను.


జూలై 4

ఆ పేరు కోసం రెండు రోజులు తిరిగినాను. చిలంకూరులో పాత డ్రైవరు ఒకాయనున్నాడు, ఆయనకూ చిన్నోడే. క్వారీ ఆఫీసు ఎప్పుడో మూతబడింది. గుంతలో నీళ్లు నిలిచి పిల్లోళ్లు ఈత కొడుతున్నారు.

డ్రైవరుకు ఒకటి గుర్తుంది. వాళ్లది మైదుకూరు అవతల, వనిపెంట దారిలో పల్లె. అమ్మ బతికే ఉండాలంటాడు. చెల్లెలొకామె ఉండేదంట.

సారుకు చెప్పినాను. అంతా చెప్పినాను, మొదటిసారి. ఆయన చీటీ తీసినారు. పెన్ను పట్టుకొన్నారు. ఏమీ రాయలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకొన్నారు.


జూలై 5, రాత్రి

నట్టింట్లో సుద్ద గుండ్రం ఈ రోజు తుడిచినాను. చట్టి కడిగి పొయ్యి మీద పెట్టినాను. సంగటి.

మిషను డబ్బా తెరిచినాను. బ్యాటరీలు గోరంత ఉన్నాయి. చేతులు వణికి ఒకటి కింద పడింది, మోకాళ్ల మీద వెతికి తీసినాను. పెట్టుకొంటే మొదట గుయ్యిమనింది. తర్వాత గోడగడియారం. అది కొట్టుకుంటుందని తెలుసు. చప్పుడు ఇట్లా ఉంటుందని మర్చిపోయినాను.

మైదుకూరు బస్సు పొద్దున ఆరుకు. వాళ్లమ్మ నన్ను గడప తొక్కనిస్తుందో లేదో. తొక్కనివ్వకపోయినా, వాకిట్లో నిలబడి అడుగుతా. పేరు ఒక్కసారే చెప్తుందేమో.